సంక్రాంతికి చూసి ఊరు ఎంచుకోకండి

పల్లెకు వెళ్ళి స్థిరపడదామన్న ఆలోచన మనలో చాలామందికి సంక్రాంతి సెలవుల్లోనే వస్తుంది. ఆ నాలుగు రోజులూ కృష్ణా డెల్టా అంత బాగుంటుంది మరి. వరి కోతలైపోయి మాగాణి అంతా మినుము చేలతో పచ్చగా ఉంటుంది. పొద్దున్నే మంచు, మధ్యాహ్నం ఒంటికి హాయిగా తగిలే ఎండ. బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద వస్తుంటే కంకిపాడు, ఉయ్యూరు దాటేసరికే మనసు మెత్తబడుతుంది. చుట్టాలంతా ఊళ్ళోనే ఉంటారు. ఏ గడపలో అడుగుపెట్టినా అరిసెలు పెడతారు. "ఇంకెందుకన్నయ్యా ఆ హైదరాబాదు, వచ్చెయ్యండి" అంటారు.

నేనూ అలా వచ్చినవాణ్ణే. ముప్పై ఏళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, పదవీ విరమణ అయ్యాక మా ఆవిడా నేనూ పామర్రు దగ్గర ఒక పల్లెకు వచ్చేశాం. జనవరిలో ఇల్లు చూశాం, ఫిబ్రవరిలో కొన్నాం. వచ్చినందుకు ఈరోజుకీ సంతోషంగానే ఉన్నాం. కానీ ఒక్క నెల చూసి ఇల్లు కొనడం మాత్రం పొరపాటు. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ఈ నేలకు ఏడాదిలో నాలుగు ముఖాలున్నాయి. సంక్రాంతి వాటిలో ఒకటి. రోహిణి కార్తె ఎండలు ఇంకొకటి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వరదలూ నాట్లూ పాములూ మూడోది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పురుగులూ తుఫాన్లూ నాలుగోది. మిగిలిన మూడూ చూడకుండా డబ్బు కట్టకండి. చూసిన తర్వాత కూడా అన్నిటికీ ఒకే బరువు వేయకండి. ఎండను కొంత ఖర్చు పెట్టి తట్టుకోవచ్చు. పురుగూ పుట్రా సంగతి అలవాట్లతో సర్దుకోవచ్చు. ఇల్లు పల్లంలో ఉంటే, ఆసుపత్రి దూరంగా ఉంటే మాత్రం ఆ రెండిటినీ కొన్నాక ఎవరూ మార్చలేరు. నా తూకంలో ఆ రెండే ముందు.

నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?

మా వీధిలో ఎనభై దాటిన పెద్దాయన ఉన్నాడు. బాబాయ్ అని పిలుస్తాను. మొదటి వానాకాలంలో మా పెరట్లో మోకాలి లోతు నీళ్ళు మూడు రోజులు కదలకుండా నిలబడ్డాయి. నాలుగో రోజు బాబాయి నన్ను రామాలయం దగ్గరికి తీసుకెళ్ళి, ప్రాకారం గోడ మీద ఒకచోట చెయ్యి పెట్టాడు. సున్నం వేసినా కిందనుంచి కనిపించే గోధుమరంగు చార అది. "డ్రైను పొంగితే ఇక్కడిదాకా వస్తాయిరా. నీ ఇల్లు దీనికన్నా రెండడుగులు పల్లం. కొనేముందు ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి గదా" అన్నాడు. అమ్మినాయన చెప్పలేదు. నేను అడగలేదు. ఆ తర్వాత పెరడంతా మెరక తోలించుకున్నాం. ఇంటి బేస్‌మట్టం మాత్రం ఎత్తు పెంచే వీలు లేదు కదా.

ఇంతకీ డెల్టాలో పల్లం ఏదో మెరక ఏదో ఎలా తెలుస్తుంది? కంటికి అంతా బల్లపరుపుగానే కనిపిస్తుంది. దీనికి ఒక గుర్తు ఉంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతంలో కాలువలు విస్తరించాయి. తర్వాత 1957లో ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. పొలాలకు నీళ్ళిచ్చే కాలువను మెరక మీదుగా తవ్వుతారు, నీరు రెండు పక్కలా చేలకు పారాలి కాబట్టి. చేలల్లో మిగిలిన నీటిని తీసుకుపోయే డ్రైను పల్లంలో ఉంటుంది. కాబట్టి మీరు చూస్తున్న స్థలం పంటకాలువ వైపుందా, డ్రైను వైపుందా అన్నది మొదటి ప్రశ్న. డ్రైనులో గుర్రపుడెక్క ఎంత పేరుకుందో కూడా చూడండి. అది నిండి ఉంటే వాన నీరు సముద్రం దారి పట్టడానికి రోజులు పడుతుంది.

ఏటిగట్టుకు లోపలి వైపు, అంటే కరకట్టకూ కృష్ణకూ మధ్య, స్థలం ఎంత చవకగా వచ్చినా వద్దు. 2009 అక్టోబరులో బ్యారేజి దగ్గర వరద దాదాపు 11 లక్షల క్యూసెక్కులకు చేరింది. అలాంటిది మళ్ళీ రాదనుకున్నవాళ్ళున్నారు. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది.

అదే వారంలో బెజవాడ నగరానికి ఇంకో పాఠం దొరికింది. సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్ళను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు కాలువలాగే కనిపిస్తుంది. ఆ సెప్టెంబరులో గట్టు తెగి మొదటి అంతస్తుల దాకా నీళ్ళొచ్చాయి. జనం రోజుల తరబడి మేడల మీదే గడిపారు. నది ఎంత దూరంలో ఉందో అందరూ అడుగుతారు. మీరు దగ్గరలో ఉన్న చిన్న వాగు పేరు కూడా అడిగి తెలుసుకోండి.

సముద్రానికి దగ్గరగా వెళ్ళాలనుకునేవాళ్ళు 1977 నవంబరు 19ని మరిచిపోకూడదు. ఆ రోజు దివిసీమ మీదికి సుమారు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల దాకా ఉన్నారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఇప్పటికీ పెద్దవాళ్ళు కాలాన్ని 'ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత' అని లెక్కపెడతారు. 1990 మే 9న బందరు దగ్గర తీరం దాటిన తుఫాను కూడా గాలి తీవ్రతలో తక్కువదేమీ కాదు. కానీ ముందే హెచ్చరించి, లక్ష మందికి పైగా ఖాళీ చేయించడంతో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. పదమూడేళ్ళలో ఇంత తేడా తెచ్చింది హెచ్చరిక, పక్కా తుఫాను షెల్టరు, అక్కడికి చేరే రోడ్డు. అందుకని తీరం ఊరు వద్దని నేను అనను. షెల్టరు ఎక్కడుంది, నడిచి ఎంతసేపు పడుతుంది, ఆ దారి నీళ్ళలో మునుగుతుందా అన్నది మీరు స్వయంగా నడిచి చూడండి.

నీటితో ముడిపడిన సంగతులు ఇంకో రెండు. ఇక్కడి నేల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. గోడలు బీటలు తీసిన ఇల్లు కనిపిస్తే రంగు చూసి మోసపోకండి. కొత్తగా కట్టుకుంటే పైల్ పునాది గురించి ఇంజినీరును అడగండి. రెండోది తాగునీరు. తీరానికి దగ్గరవుతున్నకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. చాలా ఊళ్ళకు కాలువ నీటితో నింపుకునే చెరువే ఆధారం. ఎండాకాలంలో కాలువలు కట్టేసిన తర్వాత ఆ చెరువు ఎన్నాళ్ళు వస్తుందో మే నెలలో వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

ఎండ సంగతి

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్నది మన నేల మీద పుట్టిన మాటే. 2015 మే చివర వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. హైదరాబాదు ఎండకు అలవాటుపడ్డవాళ్ళు ఇక్కడ కొత్తగా ఎదుర్కొనేది ఉక్కపోత. అంకెల్లో చూస్తే రెండు చోట్లా 42 డిగ్రీలే ఉండచ్చు. కానీ ఇక్కడ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే హైదరాబాదు నుంచి మేం మోసుకొచ్చిన ఎయిర్ కూలరు ఇక్కడ పనికిరాలేదు. అది గాలికి ఇంకాస్త తేమ కలుపుతుంది, అంతే.

అరవై దాటినవాళ్ళూ, బీపీ మందులు వాడేవాళ్ళూ పడకగదికి ఒక ఏసీ, దాన్ని కొంతసేపైనా నడిపే ఏర్పాటు ఉండేలా ఖర్చు లెక్కలో రాసుకోండి. స్లాబు ఇల్లయితే పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి పదింటి దాకా కక్కుతూనే ఉంటుంది. పాత పెంకుటిల్లు దొరికితే, పైకప్పు ఎత్తుగా ఉండి వసారా ఉంటే, దాన్ని పడగొట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. పడమటి వైపు వేపచెట్టు ఉన్న ఇంటికి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

లైటు తీసెయ్యమ్మా

మేం వచ్చిన మొదటి ఏడాది, దీపావళికి వారం ముందు. రాత్రి ఏడున్నరకు వసారాలో ట్యూబులైటు కింద భోజనానికి కూర్చున్నాం. పది నిమిషాల్లో అన్నంలో, పప్పులో, మజ్జిగ గ్లాసులో నువ్వుగింజంత ఆకుపచ్చ పురుగులు రాలడం మొదలైంది. లైటు చుట్టూ గోడ గోడంతా పచ్చబడింది. మా ఆవిడ కంచం వదిలేసి లేచింది. పక్కింటి పిన్ని పిట్టగోడ మీంచి చూసి, "ముందు ఆ లైటు తీసెయ్యమ్మా. వీధి లైటుకు పోతాయవి. ఈ పదిహేను రోజులూ మేం పొద్దుండగానే తినేస్తాం" అంది.

అవి పచ్చదీపపు పురుగులు. వరి ఆకుల రసం పీల్చే పురుగు. పంట చేతికొచ్చే రోజుల్లో దీపాల మీదికి దండులా వస్తుంది. మనిషికి హాని చేయదు, కాకపోతే మనశ్శాంతి ఉండదు. పిన్ని చెప్పిన ఆ ఒక్క అలవాటుతో మా ఇబ్బంది ముప్పాతిక తీరిపోయింది. మిగతాది కిటికీలకూ తలుపులకూ కొట్టించిన మెష్ తీర్చింది. ఊరు ఎంచుకునేటప్పుడు పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళో కూడా చూడమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

లైటు దగ్గరికి వచ్చే ఇంకో పురుగును మాత్రం గుర్తుపట్టడం నేర్చుకోవాలి. చీమకంటే కొంచెం పొడవుగా, సన్నగా, నలుపూ నారింజా పట్టీలతో ఉంటుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనమే చేత్తో నలిపేస్తాం. నలిగినప్పుడు దాని ఒంట్లోంచి కారే రసం తగిలినచోట ఒకటి రెండు రోజుల్లో నిప్పు అంటుకున్నట్టు వాత తేలి పొక్కుతుంది. నలపకుండా ఊదెయ్యండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి. ఆ చేత్తో కన్ను తాకొద్దు.

దోమల విషయంలో ఊరి వాళ్ళు ఎంత అలవాటుపడినా మీరు అలవాటుపడకండి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు తరతరాలుగా ఉండటానికి కారణం అదే. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచితే, మనకెందుకులే అని పక్కన పెట్టకుండా వాళ్ళు చెప్పినట్టు వేసుకోండి. డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది, మంచినీటిలోనే పెరుగుతుంది. పెరట్లో కొబ్బరిచిప్ప, పాత టైరు, మూత లేని సంపు, పూలకుండీ కింద పళ్ళెం దానికి చాలు. వారానికోసారి అవన్నీ బోర్లించండి.

చేలగట్ల మీద గడ్డిలో, పొదల్లో తిరిగొచ్చాక నాలుగైదు రోజులు జ్వరం తగ్గకపోతే ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో వెతకండి. చంకలో, తొడ మొదట్లో కూడా చూడండి. కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు గుర్తు అది. మచ్చ లేకపోయినా ఆ జ్వరం కావచ్చు. డాక్టరుకు చేలల్లో తిరిగిన సంగతి చెప్పండి. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తగ్గిపోయే జ్వరమే ఇది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

అర్ధరాత్రి ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు?

2018 జులై, ఆగస్టు నెలల్లో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరస కట్టారు. ఆగస్టు చివరలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం జరిగింది. నాకు ఆ స్వామి మీద భక్తి ఉంది. నాగుల చవితికి మేమూ పుట్టలో పాలు పోస్తాం. కానీ పాము కరిచిన మనిషిని ముందు తీసుకెళ్ళాల్సింది యాంటీ వెనమ్ ఉన్నచోటికే. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు పన్నెండు లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. వరి నాట్లప్పుడు మనుషులు చేలో ఉంటారు, నీళ్ళు నిండి కన్నాల్లోంచి ఎలుకలూ వాటి వెంట పాములూ గట్ల మీదికి, ఇళ్ళ వైపుకి వస్తాయి.

డెల్టాలో కనిపించే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. జెర్రిపోతు ఎలుకలను తిని మేలు చేస్తుంది, దాన్ని చంపకండి. రక్తపింజర చేలగట్ల మీదా గడ్డివాముల దగ్గరా ఉంటుంది, ప్రెషర్ కుక్కర్‌లా బుస కొడుతుంది. నాగుపాము పడగ విప్పుతుంది కాబట్టి తెలుస్తుంది. నేను ఎక్కువ భయపడేది కట్లపాముకే. అది రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. కాటు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకుని సోడా తాగించి కూర్చుంటే ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయి.

దీనికి మా ఇంట్లో ఉన్న రక్షణ పాతకాలపుదే. మంచం, దాని మీద దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపి పెట్టడం. దోమకూ కట్లపాముకూ అదొక్కటే చాలు. తలాపున టార్చి. చెప్పులు వేసుకునే ముందు దులపడం. గడ్డివాము, కట్టెల కుప్ప, కోళ్ళగూడు ఇంటి గోడకు ఆనించకుండా దూరంగా పెట్టడం.

కరిస్తే చేయాల్సింది తక్కువే. మనిషిని నడిపించకండి. కరిచిన కాలినో చేతినో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కదలకుండా బద్ద పెట్టి కట్టండి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసెయ్యండి. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పామును పట్టుకురావాలని వెంటపడొద్దు. మన దగ్గర ఇచ్చే యాంటీ వెనమ్ నాలుగు ముఖ్యమైన విషసర్పాలకూ పనిచేసేదే. 108కి ఫోన్ చేయండి.

ఆ బండి మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తుందన్నది ఇల్లు కొనకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న. పీహెచ్‌సీలో మందు దొరకవచ్చు. కట్లపాము, నాగుపాము కాటుకు వెంటిలేటరు, రక్తపింజర కాటుకు డయాలసిస్ కావలసి రావచ్చు. అవి ఉన్న ఆసుపత్రి మీ ఊరికి ఎంత దూరమో కిలోమీటర్లలో కాదు, వాన కురిసే రాత్రి నిమిషాల్లో లెక్కపెట్టండి. ఒకసారి బండి తీసి నిజంగా వెళ్ళి చూడండి. గుండెపోటుకైనా, పక్షవాతానికైనా ఇదే కొలత పనికొస్తుంది. నా లెక్కలో అది నలభై ఐదు నిమిషాలు దాటితే, అరవై దాటిన దంపతులకు ఆ ఊరు సరిపడదు.

అలా వెళ్ళినప్పుడు దారి కూడా చూడండి. డెల్టాలో దొంగతనాల కంటే నేను ఎక్కువ భయపడేది కాలువగట్టు రోడ్లకు. చాలాచోట్ల పక్కన పిట్టగోడ ఉండదు. డిసెంబరు, జనవరి మంచులో మలుపు కనిపించక కార్లు కాలువలోకి దిగిపోతుంటాయి. మంచు ఉన్నప్పుడు తెల్లవారకముందు బండి తీయొద్దని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. ఇల్లు తాళం వేసి ఊరెళ్ళేటప్పుడు పక్కింటికీ పోలీస్ స్టేషనుకూ చెప్పి వెళ్తే దొంగల బెడద చాలావరకు తగ్గుతుంది. తుఫాను తర్వాత కరెంటు మూడు నాలుగు రోజులు రాకపోవచ్చు, తెగిపడిన తీగ దగ్గరికి వెళ్ళకండి. చేపల చెరువులను ఆనుకుని ఇల్లు వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళు పురుగుమందు కొట్టే చేనుకు ఆనుకున్న ఇల్లు కూడా తీసుకోకండి.

ఇప్పుడు మీ సంగతి. హైదరాబాదులో ఇల్లు అమ్మకండి, ఇంకా ఏమీ కొనకండి. నచ్చిన ఊళ్ళో ఏడాదికి ఇల్లు అద్దెకు తీసుకోండి. అదీ కుదరకపోతే కనీసం మే చివర ఒక వారం, ఆగస్టులో ఒక వారం, దీపావళి ముందు ఒక వారం అక్కడ ఉండండి. ఇద్దరూ ఉండండి. నాలుగు ముఖాలూ చూశాక మీ ఆవిడ ఏమంటారో, మీ ఆయన ఏమంటారో మనస్ఫూర్తిగా వినండి. ఊళ్ళో అందరికన్నా పెద్ద వయసు వాళ్ళెవరో కనుక్కుని, వాళ్ళ అరుగు మీద కాసేపు కూర్చుని, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి.